ఊరి పనికి ముందు వాన లెక్క

2023 జూలై 27 ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన పడింది. అక్కడ ఏడాదంతా కురిసే వానలో అది దాదాపు సగం. అంతకు ముందు తెలంగాణ రికార్డు 2013 జూలైలో వాజేడులో పడిన 517.5 మి.మీ. 2023 జూలై 27నే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మొత్తం మునిగింది. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వరంగల్, హనుమకొండలను ముంచింది. అప్పటికి వరి కోతకొచ్చింది, పత్తి పగిలి ఉంది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే వాన పడే రోజులు పెరగకపోయినా, పడ్డప్పుడు కుండపోతగా పడుతుంది, మధ్యలో వారాల తరబడి మొహం చాటేస్తుంది. పేద ఊరికి దీని దెబ్బ వేరుగా తగులుతుంది. కల్వర్టు పోతే బస్సు ఆగుతుంది. బస్సు ఆగితే మండల కేంద్రంలో ఇంటర్ చదివే ఆడపిల్ల ఇంట్లో కూర్చుంటుంది. మరుసటి ఏడాది కొత్త పనికి రావాల్సిన నిధి అదే కల్వర్టుకు మళ్లీ పోతుంది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఏ పని రాసినా దాని పక్కన వాన లెక్క, ఎండ లెక్క రాయడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. సర్పంచ్, కార్యదర్శి, వార్డు సభ్యులు, ఆయకట్టు రైతులు కలిసి కూర్చుంటే చేసుకోగలిగిన పనులే ఇవి. ఇంజనీరు సంతకం కావాల్సిన చోట ఆ మాటా చెప్పాం.

ముందు నక్షా

తహసీల్దారు ఆఫీసు నుంచి ఊరి నక్షా తెచ్చి పెద్ద కాగితం మీద గీయించండి. వాగులు, కుంటలు, చెరువు శిఖం (నీళ్లు నిలిచే భూమి), మత్తడి (చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే గోడ) కాలువ, ప్రతి కల్వర్టు నీలి రంగులో గుర్తించండి. తర్వాత గొర్ల కాపరులను, నీరటిని (చెరువు నీళ్లు వదిలే మనిషిని), కట్ట కింద పొలమున్న ముసలివాళ్లను పిలిచి ఒక్కటే అడగండి: 2023లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? ఎవరి ఇంట్లో మోకాళ్ల దాకా, ఎవరి ఇంట్లో కిటికీ దాకా? ఆ మట్టాన్ని బడి గోడ మీద, కరెంటు స్తంభాల మీద ఎర్ర పెయింటుతో గీత గీసి తేదీ వేయండి. రేపు అంగన్‌వాడీకో ఆరోగ్య ఉపకేంద్రానికో స్థలం చూసేటప్పుడు ఆ గీతే అడ్డంగానో అండగానో నిలబడుతుంది. కొత్త భవనం నేలమట్టం ఆ గీతకు కనీసం రెండడుగులు పైన ఉండాలని తీర్మానంలో రాయండి.

నక్షాలో మరొకటి బయటపడుతుంది. చాలా ఊళ్లలో పేదలకు ఇళ్ల స్థలాలు ఇచ్చింది పల్లపు భూముల్లోనే, శిఖం అంచుల్లోనే. మురుగు కాలువ నిధి వచ్చినప్పుడు మొదట వేయాల్సింది అక్కడే. సాధారణంగా మొదలయ్యేది మాత్రం పంచాయతీ ఆఫీసు వీధి నుంచి.

వానను ఊళ్లోనే కొలవండి

మండలంలో ఉన్న వాతావరణ కేంద్రానికి, మీ చెరువు పరీవాహకానికి (చెరువులోకి వాన నీళ్లు పారి వచ్చే నేలకు) మధ్య పది కిలోమీటర్లు ఉండొచ్చు. అక్కడ 40 మి.మీ. పడిన రోజు ఇక్కడ 120 పడుతుంది. నిలువు గోడలున్న ఏ డబ్బా అయినా వానను కొలుస్తుంది. మూతి ఎంత వెడల్పున్నా లోపల నిలిచిన నీళ్ల లోతే మి.మీ.లలో వాన, కానీ మూతి, అడుగు ఒకే వెడల్పు ఉండాలి. కిందికి సన్నగా దిగే బకెట్ పనికిరాదు, లెక్క ఎక్కువ చూపిస్తుంది. చెట్టుకు, గోడకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టండి. రోజూ ఉదయం 8:30కు కొలిచి రాయండి, వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళకే ముగుస్తుంది కాబట్టి పోల్చుకోవచ్చు. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. ఈ మూడు గీతలూ డబ్బా మీదే గీసిపెట్టుకుంటే కాపలా మనిషికి రాత్రిపూట లెక్కలతో పనిలేదు.

ఒక ఎకరం మీద ఒక మి.మీ. వాన అంటే 4,047 లీటర్లు. వంద ఎకరాల మీద 100 మి.మీ. పడి సగం పారితే రెండు కోట్ల లీటర్లు ఒక్క దారిన వస్తాయి.

మత్తడి చాలుతుందా?

కాకతీయుల కాలం నుంచి ఇక్కడి చెరువులు గొలుసుకట్టు. పై కుంట మత్తడి నీళ్లు కింది చెరువులోకి, దాని మత్తడి నీళ్లు మరో చెరువులోకి దిగుతాయి. పైన ఒక కట్ట తెగితే కింది కట్టకు దాని వాటా వాన, పైచెరువు నిల్వ రెండూ ఒకేసారి వచ్చి పడతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు, కట్టలు బలపరిచారు. ఆ తర్వాత ఏటేటా చూడాల్సిన పని మాత్రం ఊరిదే. అది సాగడం లేదు.

వచ్చే నీళ్లు ఎంత? ఐదారు వందల ఎకరాల లోపు పరీవాహకానికి లెక్క సులువు. ఎకరాలను, గంటకు కురిసే మి.మీ.తో గుణించండి. నేల తడిసిపోయి ఉన్న నల్లరేగడి అయితే అందులో సగం తీసుకోండి, చదునైన చెల్క (ఎర్రనేల) అయితే మూడో వంతు. దాన్ని 890తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనమీటర్లు వస్తాయో తెలుస్తుంది. 300 ఎకరాలు, గంటకు 50 మి.మీ., సగం పారుదల అయితే 8.4 ఘనమీటర్లు. లక్ష్మీదేవిపేట వానను 24తో భాగిస్తే గంటకు 27 మి.మీ.యే వస్తుంది కదా అనుకోవద్దు, వాన అలా సమంగా పంచుకుని పడదు.

పోయే నీళ్లు ఎంత? మత్తడి పొడవు మీటర్లలో, దాని మీద పారే నీళ్ల లోతు మీటర్లలో తీసుకోండి. పొడవు, లోతు, లోతు వర్గమూలం, 1.7 ఈ నాలుగింటినీ గుణించాలి. పది మీటర్ల మత్తడి మీద 30 సెంటీమీటర్లు పారితే సెకనుకు 2.8 ఘనమీటర్లు, 50 సెంటీమీటర్లకు 6, ఒక మీటరుకు 17. పై ఉదాహరణలో 8.4 ఘనమీటర్లు వస్తే మత్తడి మీద రెండడుగుల పైచిలుకు నీళ్లు నిలిస్తేనే పోతాయి. దాని పైన అలలకు, కట్ట కుంగడానికి మూడడుగుల ఖాళీ ఉండాలి. అంటే మత్తడి పైమట్టం నుంచి కట్టలో అన్నిటికన్నా పల్లపు చోటు వరకు ఐదడుగులు. మూడే ఉన్నాయనుకోండి, నీటికి, కట్టకు మధ్య అడుగే మిగిలింది. ఆ మీద ఎవరో యాసంగికి నీళ్లు నిలవాలని మత్తడి మీద అడుగెత్తు బస్తాలు వేశారంటే ఆ అడుగూ పోయింది. చేపలు పోకుండా కట్టే వలలదీ అదే కథ. చెత్త, గుర్రపు డెక్క వచ్చి వలకు పట్టుకుంటే మత్తడి గోడలా మారుతుంది. మత్స్య సహకార సంఘంతో వానాకాలానికి ముందే కూర్చుని, భారీ వర్ష సూచన వచ్చిన రోజు వల ఎవరు విప్పాలో పేరుతో సహా రాసుకోండి. చేప పోతుందన్న భయం నిజమైనదే. కట్ట తెగితే చేప ఎలాగూ దక్కదు.

కట్ట ఎత్తు కొలిచే పద్ధతి

మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు, 20 మీటర్లది, చాలు. బకెట్ నుంచి నీళ్లు నెమ్మదిగా పీల్చి నింపండి. లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా కొలత తప్పుతుంది, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మొదలుపెట్టే ముందు రెండు కొసలూ పక్కపక్కన పట్టుకోండి. రెండింట్లో నీళ్లు ఒకే మట్టంలో నిలిస్తేనే పైపు సరిగా ఉన్నట్టు. మత్తడి పైమట్టం నుంచి మొదలుపెట్టి ప్రతి 15 మీటర్లకు కట్ట మీద ఒక మేకు కొడుతూ ఎత్తు రాసుకుంటూ పోండి. ట్రాక్టర్లు, పశువులు కట్ట దాటే చోట దాదాపు ఎప్పుడూ పల్లమే తేలుతుంది. కట్ట మీదుగా నీళ్లు పొర్లడం మొదలయ్యేది అక్కడే. పారే కొద్దీ అక్కడే లోతు పెరిగి గండి పడుతుంది.

మే చివర్లో, చెరువు అడుగంటినప్పుడు కట్ట చుట్టూ నడవండి. పొలాల వైపు అడుగున ఎండాకాలంలో ఒక్కచోటే పచ్చగడ్డి మెరుస్తుంటే అక్కడ ఊట ఉన్నట్టు. తూము (పొలాలకు నీళ్లు వదిలే ద్వారం) రాతికట్టడానికి, మట్టికి మధ్య సందు చూడండి. వేలు దూరేంత ఉన్నా వదలొద్దు, బుంగలు ఎక్కువగా తూము పక్కనే పడతాయి. పందికొక్కుల బొరియలు, పుట్టలు ఎక్కడున్నాయో గుర్తించండి. బొరియ నోరు మాత్రమే మట్టితో మూస్తే పని కాదు. లోపల గుహ అలాగే ఉంటుంది. గట్టి మట్టి తగిలేదాకా తవ్వి, అంచులు మెట్లుగా కోసి, ఆరంగుళాల పొరలుగా మట్టి వేసి ఒక్కో పొరా దిమ్మిస కొట్టాలి. మట్టి తడి సరిపోయిందా అంటే గుప్పిట్లో పిసికితే ముద్ద కావాలి, చేతికి నీళ్లు అంటకూడదు, నడుము ఎత్తు నుంచి పడేస్తే రెండు మూడు ముక్కలవ్వాలి. పొడిమట్టి కుప్ప పోసి జేసీబీతో అదిమితే మొదటి వానకే కుంగుతుంది.

సర్కారు తుమ్మ లేత మొక్కలను వేళ్లతో పీకి గుంత పూడ్చండి. పెద్ద చెట్టును నరికి మొద్దు వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పని. వేళ్లు కుళ్లిన తర్వాత నీళ్లకు అవే గొట్టాలవుతాయి. పెద్ద చెట్ల సంగతి నీటిపారుదల శాఖ ఏఈకి (సహాయ ఇంజనీరుకు) వదిలేయండి. మత్తడి ఎత్తు, పొడవు మార్చడం, తూము మార్చడం కూడా ఆయన అనుమతి లేకుండా చేయకూడదు.

పూడిక తీసేటప్పుడు కట్ట అడుగు నుంచి కనీసం పది మీటర్లు వదలండి, ఎత్తైన కట్టకు ఇంకా ఎక్కువ. కిందున్న జిగట మట్టి పొర దాటి మొరం తగిలేదాకా తవ్వితే చెరువు నీళ్లు నిలుపుకోదు. ఎకరం చెల్కలో అంగుళం మందాన పూడిక పరచాలంటే దాదాపు 103 ఘనమీటర్లు కావాలి, మూడు ఘనమీటర్ల ట్రాలీ అయితే 34 ట్రిప్పులు. ఎర్రనేలలో తడి నిలవడానికి ఇది బాగా పనిచేస్తుంది, వానల మధ్య ఎండు వారాల్లో పత్తిని బతికిస్తుంది.

వాన రాత్రి కాపలా

అతి భారీ వర్ష సూచన వస్తే రాత్రికి ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేయండి. టార్చి, చార్జింగ్ ఉన్న ఫోన్లు, కింది ఊళ్ల సర్పంచుల నంబర్లు కాగితం మీద ఉండాలి. ఇసుక బస్తాలు మూడింట రెండు వంతులే నింపండి. నిండుగా కుడితే అవి గుండ్రాళ్లలా దొర్లుతాయి, ఒకదానికొకటి అతుక్కోవు. పది మీటర్ల పల్లాన్ని అడుగెత్తు లేపాలంటే కింద మూడు వరుసలు, వాటి మీద రెండు, పైన ఒకటి, మొత్తం సుమారు వంద బస్తాలు కావాలి. ఇటుక పేర్చినట్టు అతుకు మీద అతుకు పడకుండా పేర్చి, నీటి వైపు టార్పాలిన్ కప్పండి. ఇది నీళ్లు ఇంకా కిందున్నప్పుడు చేసే పని.

కట్ట వెలుపలి వైపు ఊట కనిపిస్తే ముందు రంగు చూడండి. తేట నీళ్లయితే గమనిస్తూ ఉండండి. బురద నీళ్లు వస్తున్నాయంటే లోపలి మట్టి కొట్టుకొస్తోంది. ఆ నోటిని బస్తాతో గట్టిగా మూయాలనిపిస్తుంది, మూస్తే నీళ్లు పక్కనే మరో దారి తవ్వుకుంటాయి. చేయాల్సింది ఊట చుట్టూ బస్తాలతో బావి ఒరలా గుండ్రంగా కట్టడం. లోపల నీళ్లు ఎత్తు పెరిగే కొద్దీ ఎదురొత్తిడి వచ్చి మట్టి రావడం ఆగుతుంది. నీళ్లు తేటబారిన ఎత్తులో ఆపి, పైనుంచి పొర్లి పోనివ్వండి.

కట్ట పొడవునా నిలువు పగులు తీసినా, ఒర కట్టినా బురద ఆగకపోయినా, నీళ్లు కట్ట అంచుకు అడుగులోపు చేరి ఇంకా పెరుగుతున్నా బస్తాల పని ఆపేసి మనుషులు కట్ట దిగిపోవాలి. మొదటి ఫోను కింది ఊరికి, రెండోది తహసీల్దారుకు, ఏఈకి. కట్టను సొంతంగా తెంచొద్దు. తూము దగ్గర తెంచిన గండి పూడ్చడం తేలిక కాదు, ఆయకట్టు పంట కోల్పోతుంది.

కల్వర్టు, రోడ్డు

మూడడుగుల, అంటే 900 మి.మీ. సిమెంటు పైపు నిండుగా పారితే సెకనుకు సుమారు 1.3 ఘనమీటర్లు పోతాయి. రెండడుగులది 0.6 లోపే. పై 300 ఎకరాల నీళ్లు ఒక రోడ్డుకు అడ్డం వస్తే 900 పైపులు ఏడు కావాలి. మన దగ్గర వేసేవి రెండు. మిగతాది రోడ్డు కట్టకు ఆనుకుని నిలిచి, ఎగువ పొలాలను ముంచి, చివరికి రోడ్డునే తెంచుకు పోతుంది. నిధి రెండు పైపులకే ఉంటే పైపులు పెంచమని కొట్లాడటం కన్నా రోడ్డును అక్కడ కావాలనే కాస్త దించి, రెండు వైపులా అంచులు కాంక్రీటు చేసి, ఎక్కువ నీళ్లు పై నుంచి దాటేలా కాజ్‌వే అడగడం మేలు. ఏడాదిలో కొన్ని గంటలు రాకపోకలు ఆగుతాయి, రోడ్డు మాత్రం నిలుస్తుంది.

కొట్టుకుపోయిన కల్వర్టుల్లో చాలావాటికి పైపు బాగానే ఉంటుంది. దిగువన నీళ్లు దూకే చోట కాంక్రీటు పరుపు, దాని కొసన నేలలోకి దిగిన గోడ లేకపోవడంతో గుంత పడి, గోడ ముందుకు వాలి, వెనక మట్టి జారుతుంది. అంచనా కాగితంలో ఆ రెండు పద్దులూ ఉన్నాయో లేదో చదవండి. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు కోసేసేది వాటినే.

కాజ్‌వే పక్కన అడుగడుగుకూ గీతలున్న స్తంభం పాతండి. వేగంగా పారే అరడుగు నీళ్లే మనిషిని పడేయగలవు, రెండడుగులైతే చాలా బండ్లను తేల్చుకుపోతాయి. వాన రోజున రెండు వైపులా గొలుసు, ఒక మనిషి ఉండాలి. బోర్డు పెడితే ఎవరూ ఆగరు.

ఎండ

మేలో సిమెంటు రోడ్డు పగలు వేస్తే గట్టిపడకముందే పైపొర ఆరి వెంట్రుక పగుళ్లు తీస్తుంది. సాయంత్రం వేసి, గోనెసంచులు పరచి, కనీసం ఏడు రోజులు, వీలైతే పద్నాలుగు రోజులు తడి ఆరకుండా చూడాలి. ఊళ్లో నీళ్ల కరువుంటే ఆ పనిని ఆ నెల వాయిదా వేయడమే నయం.

ఉపాధి పనులు ఆరింటికి మొదలుపెట్టి పదకొండులోపు ముగించండి. ఇరవై నిమిషాలకో గ్లాసు చొప్పున మనిషికి గంటకు ముప్పావు లీటరు పడుతుంది, 50 మందికి ఐదు గంటలకు 20 లీటర్ల క్యాన్లు పది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవండి. ఒళ్లు కాలుతూ మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. కూలి కొలత మీద కాబట్టి గట్టి నేలలో, ఎండలో గుంత కొలత తగ్గి కూలి పడిపోతుంది. ముందు రోజు సాయంత్రం నేల తడిపించడం మేట్ (కూలీల గుంపు పెద్ద) చేయగలిగిన మంచి పని.

పంట, నష్టం కాగితం

పత్తి గింజ తొలకరి తొందరలో పడేయొద్దు. నేలలో 60–75 మి.మీ. వాన దిగాక వేయండి, జూలై 20 వరకు సమయం ఉంది. నీళ్లు నిలిచే నల్లరేగడిలో వాలు వెంట కాలువ ముందే తీసి ఉండాలి. వరద తీశాక పది లీటర్ల నీళ్లకు 100 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) పిచికారీ చేస్తే మొక్క తేరుకుంటుంది. మొదళ్లు వడలుతుంటే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ మొదట్లో పోయాలి.

విపత్తు నిధి నుంచి పంటసాయం రావాలంటే నష్టం కనీసం 33 శాతం ఉండాలి. 2022–26 కేంద్ర ప్రమాణాల్లో వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటివసతి ఉన్నదానికి 17,000 రూపాయలు, రెండు హెక్టార్ల వరకు. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చేలోపు పొలం దున్నేస్తే లెక్కకు ఏమీ మిగలదు. నీళ్లుండగానే స్థలం, తేదీ పడేలా ఫోటోలు తీయండి. పంట నమోదు అయిందో లేదో ఆగస్టులోనే చూసుకోండి. కౌలు రైతు పేరు అందులో లేకపోవడం ప్రతి వరదలోనూ తేలే సంగతే. ఆ జాబితా గ్రామసభలో చదివించి, తప్పిన పేర్లు అప్పుడే రాయించాలి.

తీర్మానంలో ఏం రాయాలి

గ్రామసభలో మాట్లాడినది తీర్మానం పుస్తకంలోకి ఎక్కకపోతే నిలవదు. ఇలా రాయొచ్చు: "ఫలానా వాగు మీద కల్వర్టుకు పరీవాహకం ఇన్ని ఎకరాలు. 2023 వరద మట్టం గుర్తు ఫలానా స్తంభం మీద ఉంది. గంటకు 50 మి.మీ. వానకు సెకనుకు ఇన్ని ఘనమీటర్లు దాటేలా, దిగువన పరుపు, నేలలోకి దిగిన గోడతో అంచనా తయారు చేయాలని కోరుతూ ఈ సభ తీర్మానించింది. ఏటా మే నెలలో పూడిక తీసే బాధ్యత ఫలానా వార్డు సభ్యునిది." నకలు ఒకటి మండల పంచాయతీ రాజ్ ఏఈకి, ఒకటి నీటిపారుదల ఏఈకి ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. అంచనా వచ్చాక పైపుల వ్యాసం, సంఖ్య తీర్మానంతో పోల్చి చూడండి. తేడా ఉంటే పని మొదలయ్యే ముందే లిఖితంగా అడగండి, పైపులు నేలలో దిగాక ఎవరూ పైకి తీయరు.